గ్రీకు, రోమన్ క్లాసిక్స్: సొంతంగా చదవడం ఎలా మొదలుపెట్టాలి

ప్రాచీన గ్రీకు, రోమన్ ప్రపంచం గురించి చదవాలనుకునే వాళ్లలో ఎక్కువమంది ముందుగా ఒక జాబితా రాసుకుంటారు. హోమర్, ఆ తర్వాత నాటకకర్తలు, చరిత్రకారులు, ప్లేటో, అరిస్టాటిల్, అక్కణ్నుంచి రోమ్‌కి వచ్చి సిసిరో, వర్జిల్, టాసిటస్. కాలక్రమంలో ఒక్కొక్కటే ముగించుకుంటూ పోదామని పథకం. ఇలియడ్ రెండో సర్గలో ఓడల పట్టిక వస్తుంది. ఏ ప్రాంతం నుంచి ఏ నాయకుడు ఎన్ని ఓడలతో ట్రాయ్‌కి వచ్చాడో 260కి పైగా పంక్తుల్లో చెప్తాడు కవి. చాలా జాబితాలు అక్కడే ఆగిపోతాయి.

ఇంకో దారి ఉంది. చిన్న మూలగ్రంథం ఒకటి పట్టుకుని, దాన్ని రెండు మూడు సార్లు చదివి, అందులోంచి పుట్టే ప్రశ్నలు ఎటు తీసుకెళ్తే అటు వెళ్లడం. క్లాసికల్ స్టడీస్ అంటే ఒక సబ్జెక్టు కాదు. సుమారు క్రీ.పూ. 8వ శతాబ్దం నాటి హోమర్ కావ్యాల నుంచి క్రీ.శ. 476లో పశ్చిమ రోమన్ సామ్రాజ్యం పడిపోయే దాకా, అంటే దాదాపు 1,200 ఏళ్ల సాహిత్యం, చరిత్ర, తత్వశాస్త్రం, న్యాయం, కళ, పురావస్తుశాస్త్రం, శాసనాలు, నాణేలు, పైగా రెండు భాషలు. విశ్వవిద్యాలయాల్లో జీవితమంతా ఇదే పని చేసేవాళ్లు కూడా ఒకటి రెండు మూలల్లోనే లోతుగా ఉంటారు. కాబట్టి అంతా కవర్ చేయాలన్న టెన్షన్ మొదటి రోజే వదిలేయండి.

1. చిన్న గ్రంథం ఒకటి ఎంచుకోండి

మొదటి గ్రంథానికి మూడు లక్షణాలుండాలి. ఒకటి రెండు సిట్టింగుల్లో అయిపోవాలి. అనువాదం ఉచితంగా దొరకాలి. కథ ఉండాలి.

సోఫొక్లీస్ రాసిన ఈడిపస్ నాటకం 1,500 పైచిలుకు పంక్తులే, ఒక సాయంత్రం చాలు. ప్లేటో అపాలజీలో కోర్టు ముందు సోక్రటీస్ మాట్లాడతాడు, తత్వశాస్త్రం మీద ఆసక్తి ఉంటే ఇదే సరైన ద్వారం. రోమ్ వైపు మనసు లాగితే చిన్న ప్లినీ లేఖలు తీయండి. క్రీ.శ. 79లో వెసూవియస్ అగ్నిపర్వతం పేలినప్పుడు తన మేనమామ ఎలా చనిపోయాడో, తానూ తల్లీ ఎలా బయటపడ్డారో చరిత్రకారుడు టాసిటస్‌కి రాసిన ఉత్తరాలు అందులో రెండున్నాయి.

నన్నడిగితే మాత్రం, ఇతరుల కోసం కోర్టు ప్రసంగాలు రాసిపెట్టిన లిసియస్ మొదటి ప్రసంగంతో మొదలుపెట్టమంటాను. ఇది క్రీ.పూ. 4వ శతాబ్దం తొలినాళ్ల ఏథెన్స్ కోర్టు ప్రసంగం. యూఫిలీటస్ అనే అతను తన భార్యతో ఉన్న ఎరటోస్థనీస్ అనే వ్యక్తిని ఇంట్లోనే చంపేశాడు. హత్యానేరం మీద విచారణ జరుగుతోంది. చట్టం ఒప్పుకుంటుంది కాబట్టే చంపానని అతని వాదన. మొత్తం 50 చిన్న పేరాలు, అరగంటలో చదివేయొచ్చు. అందులో రెండంతస్తుల ఇల్లుంది, చంటిబిడ్డ ఉంది, రాత్రి కిర్రుమన్న తలుపుంది, యజమాని బెదిరిస్తే నిజం చెప్పిన బానిస పిల్ల ఉంది, దగ్గర్లోని దుకాణంలో దివిటీలు కొనుక్కుని వచ్చిన స్నేహితులున్నారు. మహావీరులూ దేవతలూ లేని ఏథెన్స్ ఇంత దగ్గరగా ఇంకెక్కడా కనబడదు. కింది అడుగుల్లో ఎక్కువగా దీన్నే ఉదాహరణగా తీసుకుంటాను. మీరు ఇంకోటి ఎంచుకున్నా పద్ధతి అదే.

2. అనువాదం ఎలా చదవాలి

మొదటిసారి ముందుమాట వదిలేసి నేరుగా గ్రంథం చదవండి. ముందుమాటలు పండితులు రాస్తారు. అవి ముందే చదివితే వాళ్ల ప్రశ్నలే మీ ప్రశ్నలైపోతాయి. పెన్సిల్ పట్టుకుని, అర్థం కానిచోట ఒక గీత, వింతగా అనిపించినచోట ఒక చుక్క పెట్టుకుంటూ ఆగకుండా చివరిదాకా వెళ్లండి. లిసియస్ చదివితే మీ చుక్కలు బహుశా ఇలాంటి చోట్ల పడతాయి: భర్త కింది అంతస్తులో ఉండాల్సింది, పై అంతస్తులో ఎలా ఉన్నాడు? ఆమె పేరు ఒక్కసారైనా ఎందుకు రాలేదు? దివిటీలు కొన్న సంగతి కోర్టుకి ఎందుకు చెప్పాడు?

రెండోసారి ముందుమాట, అధస్సూచికలతో కలిపి చదవండి. వీలైతే వేరే అనువాదం తీసుకోండి. ఒకే వాక్యాన్ని ఇద్దరు అనువాదకులు వేర్వేరుగా చెప్పిన చోట మూలంలో ఏదో ఇబ్బంది ఉందని అర్థం. అలాంటి చోట్లు గుర్తుపెట్టుకోవడమే ముందు ముందు భాష నేర్చుకోవడానికి మంచి కారణమవుతుంది.

అనువాదాలు ఎక్కడ దొరుకుతాయి? టఫ్ట్స్ విశ్వవిద్యాలయం నడిపే పెర్సియస్ డిజిటల్ లైబ్రరీలో గ్రీకు, లాటిన్ మూలాలూ ఇంగ్లిష్ అనువాదాలూ ఉచితంగా ఉన్నాయి. లిసియస్ ప్రసంగం కూడా ఉంది. మూలంలో ఏ పదం మీద నొక్కినా దాని వ్యాకరణం, అర్థం వస్తాయి. ఎడమ పేజీలో మూలం, కుడి పేజీలో అనువాదం వేసే లోబ్ క్లాసికల్ లైబ్రరీ పుస్తకాలు 1912 నుంచి వస్తున్నాయి. ఆకుపచ్చ అట్ట గ్రీకుకి, ఎర్ర అట్ట లాటిన్‌కి. వాటిలో కాపీరైటు తీరిపోయిన పాత సంపుటాలు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో దొరుకుతాయి. ఒక హెచ్చరిక: ఉచితంగా దొరికే వాటిలో చాలా అనువాదాలు నూరేళ్ల నాటివి. అప్పటి అనువాదకులు అసభ్యమనుకున్న చోట్లు కప్పిపుచ్చేవారు, అరిస్టాఫనీస్ హాస్యనాటకాల్లో మరీను. అరిస్టాఫనీస్ చదవాలంటే కొత్త అనువాదానికి డబ్బు పెట్టండి. మిగతావాటికి మొదట్లో పాతవి సరిపోతాయి.

3. పేజీ నంబర్లు మరిచిపోండి

ఇది చిన్న విషయమే, కానీ మొదట్లో ఎవరూ చెప్పరు. క్లాసిక్స్‌లో పేజీ నంబరుతో ఎవరూ ఏదీ ఉదహరించరు. ప్రతి గ్రంథానికీ స్థిరపడిన అంకెలున్నాయి, అవి ఏ ముద్రణలోనైనా, ఏ భాష అనువాదంలోనైనా మారవు. లిసియస్ 1.9 అంటే మొదటి ప్రసంగంలో తొమ్మిదో పేరా, ఇంటి వర్ణన ఉన్న చోటు. చరిత్రకారుడు థ్యూసిడిడీస్ 2.47 నుంచి 2.54 దాకా ఏథెన్స్‌లో వచ్చిన మహమ్మారి. ప్లేటోకి మాత్రం 1578లో అచ్చయిన ఒక ముద్రణలోని పేజీలే ఇప్పటికీ ప్రమాణం. గుహలో బందీల ఉపమానం రిపబ్లిక్ 514ఏ దగ్గర మొదలవుతుందంటే ప్రపంచంలో ఎక్కడున్నవాళ్లైనా అదే చోటు తెరుస్తారు. అరిస్టాటిల్‌కి 1831 నాటి బెర్లిన్ ముద్రణ అంకెలు వాడతారు.

దీనివల్ల ఇంకో లాభం ఉంది. మార్కస్ ఆరీలియస్ అన్నాడనో, ప్లేటో అన్నాడనో సోషల్ మీడియాలో తిరిగే సూక్తులు వాళ్లు ఎప్పుడూ అననివి బోలెడు. ఎక్కడ అన్నాడో అంకె చెప్పమనండి. అంకె లేకపోతే ఆ సూక్తి పక్కన పెట్టేయొచ్చు.

4. గోడకి ఒక మ్యాపు, నోట్‌బుక్కులో పది తేదీలు

దీనికి ఒక్క రోజు కంటే ఎక్కువ ఖర్చు పెట్టకండి. క్రీ.పూ. 490 మారథాన్ యుద్ధం, 480 సాలమిస్ యుద్ధం, 431 నుంచి 404 దాకా పెలొపొన్నీసియన్ యుద్ధం, 399 సోక్రటీస్ మరణశిక్ష, 323 అలెగ్జాండర్ మరణం, 146 కార్తేజ్, కొరింత్ నగరాల విధ్వంసం, 44 సీజర్ హత్య, 31 ఆక్టియమ్ యుద్ధం. క్రీస్తు శకంలో 79 వెసూవియస్, 476 పశ్చిమ రోమ్ పతనం. కొత్తగా చదివిన ప్రతిదాన్నీ వీటిలో ఏదో ఒకదానికి ముందో వెనకో పెట్టుకుంటే చాలు. మ్యాపులో ఏథెన్స్, స్పార్టా, ఇప్పటి టర్కీ పడమటి తీరం, సిసిలీ, అలెగ్జాండ్రియా, రోమ్ గుర్తుపట్టగలిగితే మొదటి ఏడాది గడిచిపోతుంది.

లెక్కల్లో రెండు చిక్కులు. సున్నా సంవత్సరం లేదు, క్రీ.పూ. 1 తర్వాత నేరుగా క్రీ.శ. 1. అగస్టస్ క్రీ.పూ. 63 సెప్టెంబరులో పుట్టి క్రీ.శ. 14 ఆగస్టులో పోయాడు. రెండూ కూడి 77 అనుకుంటే తప్పు. ఒకటి తీసేసి 76, పుట్టినరోజుకి నెల ముందే పోయాడు కాబట్టి అసలు వయసు 75. ఇక 409/8 లాంటి గీత తేదీలు కనబడితే అచ్చుతప్పు అనుకోకండి. ఏథెన్స్ సంవత్సరం ఎండాకాలం నడుమ మొదలయ్యేది కాబట్టి మన క్యాలెండరులో రెండేళ్ల మీద పడుతుంది.

పేర్లతో కూడా జాగ్రత్త. లిసియస్ మొదటి ప్రసంగంలో చనిపోయిన ఎరటోస్థనీస్ వేరు, భూమి చుట్టుకొలత లెక్కగట్టిన ఎరటోస్థనీస్ వేరు. ఆయన ఒక శతాబ్దానికి పైగా తర్వాతివాడు. రోమన్ కుటుంబాల్లో తాతకీ తండ్రికీ కొడుక్కీ ఒకే పేరుండడం మామూలే. పేరు పక్కన ఊరో తండ్రి పేరో రాసుకునే అలవాటు చేసుకోండి.

5. ప్రతి వాక్యాన్నీ అడగాల్సిన ప్రశ్న: ఇది మనకెలా తెలుసు?

ఈ రంగం అసలు రుచి ఇక్కడుంది. ఇది వదిలేసి ఎన్ని పుస్తకాలు చదివినా మిగిలేవి కథలే.

నోట్‌బుక్కులో ఒక పేజీ తీసి, చదివిన ప్రతి ముఖ్యమైన విషయం ఎదురుగా మూడు సంగతులు రాయండి: ఎవరు చెప్పారు, జరిగిన ఎన్నేళ్లకి చెప్పారు, ఎవరిని ఒప్పించడానికి చెప్పారు. ఏథెన్స్ నాయకుడు పెరిక్లీస్ క్రీ.పూ. 429లో చనిపోయాడు. ఆయన జీవితచరిత్ర రాసిన ప్లూటార్క్ క్రీ.శ. 100 ప్రాంతంవాడు, అంటే మధ్యలో 500 ఏళ్లకు పైగా దూరం. అలెగ్జాండర్ దండయాత్రలకి మనం ఎక్కువగా ఆధారపడే ఏరియన్ 400 ఏళ్లకు పైగా గడిచాక రాశాడు. అలెగ్జాండర్ వెంట ఉన్న టోలెమీ, అరిస్టోబులస్ రాసుకున్నవి ముందు పెట్టుకుని రాశానని ఆయనే చెప్పాడు, కానీ ఆ పుస్తకాలు ఇప్పుడు లేవు. ఇలా రాసుకోవడం మొదలుపెట్టిన రోజునుంచి చరిత్ర పుస్తకాల్లో ధీమాగా చెప్పే వాక్యాలు మీకు వేరుగా వినిపిస్తాయి.

లిసియస్‌కి వద్దాం. ఈ ప్రసంగం ముద్దాయి మాట. రాసింది అతను కాదు, డబ్బు తీసుకుని ఇతరుల కోసం కోర్టు ప్రసంగాలు రాసిపెట్టే లిసియస్. అతను ఏథెన్స్‌లో ఉన్నా పౌరుడు కాదు. చనిపోయినవాడి బంధువులు చేసిన వాదన మనకి మిగల్లేదు. తీర్పు ఏమొచ్చిందో తెలియదు. ముద్దాయి తనని తాను అమాయకుడైన భర్తగా చూపించుకుంటాడు. కుట్ర పన్ని పిలిపించి చంపాడని అవతలివాళ్లు అని ఉంటారు, అందుకే ఆ రాత్రి స్నేహితుల్ని అప్పటికప్పుడు వెతుక్కున్నానని, కొందరు ఇళ్లలో లేరని, దివిటీలు కూడా అప్పుడే కొన్నామని అంత వివరంగా చెప్తాడు. మీరు మొదటిసారి చుక్క పెట్టుకున్న దివిటీల సంగతికి జవాబు ఇదీ. అంటే, చూపించిన వివరం వెనక దాచిన ఆరోపణ ఉంది.

ఇప్పుడు బయటి ఆధారాలు వెతకండి. అతను చెప్పే చట్టం నిజంగా ఉందా? పూర్వం చట్టాలు రాసిన డ్రాకో నరహత్య చట్టాన్ని ఏథెన్స్‌వాళ్లు క్రీ.పూ. 409/8లో మళ్లీ రాతి మీద చెక్కించారు. అరిగిపోయిన ఆ రాయి ఇప్పటికీ ఏథెన్స్ శాసనాల మ్యూజియంలో ఉంది. భార్యతోనో తల్లితోనో ఉండగా దొరికినవాణ్ని చంపితే శిక్ష లేదన్న నియమం ఏథెన్స్ వక్త డెమోస్తనీస్ 23వ ప్రసంగం 53వ పేరాలో కనబడుతుంది. చదివి చూడండి. చంపితే శిక్ష లేదు అనడానికీ, చంపి తీరాలి అనడానికీ తేడా ఉంది. యూఫిలీటస్ రెండోది ఉన్నట్టు మాట్లాడతాడు.

మరి ఇల్లు? ఆడవాళ్ల భాగం పైన, మగవాళ్ల భాగం కింద అంటాడు. బిడ్డ పుట్టాక స్నానం చేయించడానికి ఆమె మాటిమాటికీ మెట్లు దిగితే ప్రమాదమని తాము పైకి మారి ఆమెకి కింది భాగం ఇచ్చారట. భర్త పైన ఎందుకున్నాడన్న ప్రశ్న అలా తీరుతుంది, పనిలో పనిగా అక్రమ సంబంధానికి దారి ఎలా దొరికిందో కూడా. కానీ తవ్వకాల్లో ఇది అంత తేలిగ్గా కనబడదు. ఉత్తర గ్రీసులో ఒలింథస్ అనే నగరాన్ని అలెగ్జాండర్ తండ్రి ఫిలిప్ క్రీ.పూ. 348లో నాశనం చేశాడు. 1928 నుంచి జరిగిన తవ్వకాల్లో అక్కడ వందకి పైగా ఇళ్లు బయటపడ్డాయి. మగవాళ్ల విందుగది గుర్తుపట్టొచ్చు, దాని నేల కట్టడమే వేరుగా ఉంటుంది. ఆడవాళ్ల గది ఇదీ అని చూపించగలిగే గుర్తులు మాత్రం దొరకవు. మగ్గం గుండ్లు, వంట సామాను ఇల్లంతా చెదిరి ఉంటాయి. ముద్దాయి చెప్పిన విభజన ఇంటి గోడల్లో ఉందా, వాడకంలో ఉందా, లేక జడ్జీలకి మర్యాదగా వినిపించడానికి అన్నాడా? పండితులు ఇప్పటికీ వాదించుకుంటూనే ఉన్నారు. అరగంటలో చదివిన చిన్న ప్రసంగం ఇప్పుడు న్యాయం, శాసనాలు, తవ్వకాలు, స్త్రీల చరిత్ర దాకా తీసుకొచ్చింది. కాలక్రమం జాబితాతో వెళ్తే ఇక్కడికి రావడానికి రెండేళ్లు పట్టేది.

ఇంకో సంగతి కూడా మనసులో ఉంచుకోండి: మనదాకా వచ్చింది చాలా తక్కువ. సోఫొక్లీస్ వందకి పైగా నాటకాలు రాస్తే పూర్తిగా మిగిలినవి 7. లివీ రోమ్ చరిత్ర 142 భాగాల్లో మనకున్నవి 35. గ్రీకు కవయిత్రి సాఫో కవితల్లో పూర్తిగా ఉన్నదని నిస్సందేహంగా చెప్పగలిగింది ఒక్కటే. మిగిలినవి ఎందుకు మిగిలాయంటే వెయ్యేళ్ల పైబడి ఎవరో ఒకరు చేత్తో ఎత్తి రాస్తూ వచ్చారు కాబట్టి. కొన్ని ఈజిప్టు ఇసుకలో దొరికాయి. ఆక్సిరింకస్ అనే ఊరి చెత్తదిబ్బల్లో 1896 చివర్లో మొదలైన తవ్వకాల్లో దొరికిన పపైరస్ ముక్కల్ని ఇప్పటికీ చదివి ప్రచురిస్తూనే ఉన్నారు. వెసూవియస్ బూడిదలో మాడిపోయిన హెర్క్యులేనియం నగరపు పపైరస్ చుట్టల్ని విప్పకుండానే, స్కానింగ్, కృత్రిమ మేధ సాయంతో చదవడం 2023 నుంచి వేగం అందుకుంది. కాబట్టి ఇది ముగిసిపోయిన సబ్జెక్టు అనుకోవద్దు.

6. పండితుల్ని ఎప్పుడు, ఎలా చదవాలి

మూలం రెండుసార్లు చదివాకే. ముందు లెక్చర్లు వినండి. యేల్ విశ్వవిద్యాలయం ఓపెన్ కోర్సుల్లో డోనల్డ్ కేగన్ చెప్పిన గ్రీకు చరిత్ర, డయానా క్లైనర్ చెప్పిన రోమన్ వాస్తుశిల్పం పూర్తిగా ఉచితం. కేగన్ చాలా గట్టి అభిప్రాయాలున్న మనిషి, వింటూ ఒప్పుకోకుండా ఉండడం మంచి సాధన.

ఏదైనా పుస్తకం కొనేముందు బ్రిన్ మార్ క్లాసికల్ రివ్యూలో దాని సమీక్ష చూడండి. 1990 నుంచి క్లాసిక్స్ పుస్తకాల సమీక్షలు ఉచితంగా ఇస్తున్నారు. పుస్తకం కొనకపోయినా సమీక్ష చదివితే ఆ విషయం మీద ఎవరు ఎవరితో ఎందుకు విభేదిస్తున్నారో తెలుస్తుంది. సొంతంగా చదివేవాళ్లకి తరగతి గదిలో జరిగే వాదనకి ఇది కొంత ప్రత్యామ్నాయం. వీడియోలూ చాట్‌బాట్‌లూ వాడితే వాడండి, కానీ అవి చెప్పిన ప్రతిదానికీ పైన చెప్పిన అంకె అడగండి, ఆ అంకె తెరిచి చూడండి. అంకె కూడా కల్పించి ఇవ్వడం వాటికి అలవాటే.

7. భాష: ఎప్పుడు, ఏది, ఎలా

మొదటి రోజే లాటిన్ వ్యాకరణం కొనుక్కోవద్దు. అలాగని ఎప్పటికీ వాయిదా వేయొద్దు. అనువాదంలో రెండు మూడు గ్రంథాలు చదివి, ఫలానా చోట మూలంలో ఏముందో చూడాలని నిజంగా దురద పుట్టినప్పుడు మొదలుపెట్టండి.

ఏది ముందు? మీ మనసు ఏ గ్రంథాల వైపు ఉందో ఆ భాష. లాటిన్ తేలిక, ఇంగ్లిష్ లిపి తెలిస్తే నేరుగా చదవడం మొదలుపెట్టొచ్చు. కానీ హోమరూ ప్లేటో కావాలనుకుంటూ తేలికని లాటిన్ నేర్చుకుంటే మధ్యలో విసుగొస్తుంది. గ్రీకు లిపిలో అక్షరాలు 24, వారం పది రోజుల పని. దానికి భయపడి ఆగొద్దు.

తెలుగువాళ్లకి ఇక్కడ కొన్ని అడుగులు ముందే వేసి ఉన్నాయి. ఇంగ్లిష్ మాత్రమే తెలిసినవాళ్లు విభక్తులు చూసి బెంబేలెత్తుతారు. నామవాచకం చివర మారితే వాక్యంలో దాని పని మారుతుందన్నది మనకి పుట్టుకతో వచ్చిన జ్ఞానం. రాముణ్ని అన్నా రాముడికి అన్నా పదాన్ని వాక్యంలో ఎక్కడ పెట్టినా అర్థం చెడదు, లాటిన్‌లోనూ అంతే. క్రియ వాక్యం చివర రావడం లాటిన్‌లో మామూలు. సంస్కృతం కాస్త తెలిస్తే గ్రీకులోని ద్వివచనం పాత చుట్టమే, ఆత్మనేపదం లాంటిది కూడా అక్కడ ఉంది. ప్రాచీన ఏథెన్స్‌లో ఒత్తి పలికిన ప, త, క ధ్వనులు మన ఫ, థ, ఖ అసలు ఉచ్చారణకి దగ్గర. హ్రస్వ దీర్ఘాల తేడా చెవికి ముందే తెలుసు.

అన్నిటికంటే పెద్ద బహుమతి ఛందస్సు. గ్రీకు, లాటిన్ పద్యాలు నడిచేది గురు లఘువుల మీదే, నియమం కూడా దాదాపు మనదే: దీర్ఘం గురువు, సంయుక్తాక్షరానికి ముందున్నది గురువు. హోమర్, వర్జిల్ వాడిన షట్పాద ఛందంలో ఆరు గణాలు. మొదటి నాలుగు గణాల్లో భగణమో రెండు గురువులో రావచ్చు, అయిదోది దాదాపు ఎప్పుడూ భగణం, ఆరోది రెండక్షరాలు. వర్జిల్ ఈనియడ్ మొదటి పంక్తిని మన అక్షరాల్లో రాసి విడగొట్టండి: అర్మవి, రుంక్వెక, నోట్రో, యైక్వీ, ప్రీముస, బోరీస్. మొదటి రెండూ భగణాలు, తర్వాత రెండు జతల గురువులు, అయిదోది భగణం, చివర రెండు గురువులు. పదాల మధ్య ఆగకుండా కలిపి విడగొట్టడం కూడా మనకి కొత్త కాదు. ఉత్పలమాలకి గణ విభజన చేసినవాళ్లెవరైనా దీన్ని ఒక సాయంత్రంలో పట్టేస్తారు. అర్థం తెలియకపోయినా రోజుకి అయిదు పంక్తులు ఇలా గట్టిగా చదవండి. భాష తర్వాత వచ్చి చేరుతుంది.

పాఠ్యపుస్తకాల్లో రెండు దారులున్నాయి. వ్యాకరణం ముందు చెప్పి వాక్యాలు తర్వాత ఇచ్చేవి ఒకటి. 1956లో మొదట వచ్చిన వీలాక్ లాటిన్ పుస్తకం ఆ బాపతు, 40 పాఠాలు. మొదటి పేజీ నుంచీ లాటిన్‌లోనే కథ చెప్తూ పోయేవి రెండోవి. డెన్మార్క్‌కి చెందిన ఓర్బెర్గ్ రాసిన పుస్తకం అలాంటిది, అందులో ఇంకో భాష ముక్క ఉండదు. ఒంటరిగా చదివేవాళ్లకి ఓర్బెర్గ్ నయమని నా అభిప్రాయం, ఎందుకంటే పట్టికలు చూసి మానేసినవాళ్లు ఎక్కువ, కథ మధ్యలో మానేసినవాళ్లు తక్కువ. పక్కన చిన్న వ్యాకరణం ఒకటి ఉంచుకోండి. నిఘంటువు కొనక్కర్లేదు. షికాగో విశ్వవిద్యాలయం వాళ్ల లోగియన్‌లో లిడెల్, స్కాట్ గ్రీకు నిఘంటువుతో పాటు లూయిస్, షార్ట్ లాటిన్ నిఘంటువు కూడా ఉచితంగా ఉంది.

ఉచ్చారణ ఏ పద్ధతిలో అన్న దాని మీద ఇంటర్నెట్‌లో యుద్ధాలు జరుగుతుంటాయి. ఒకటి ఎంచుకుని దాని మీదే ఉండండి.

వారానికి ఒక రోజు మూడు గంటలు కూర్చోవడం కంటే రోజూ 20 నిమిషాలు మేలు. భాష విషయంలో ఇందులో రాజీ లేదు.

8. రాళ్లు, కుండలు, నాణేలు

మొదటిసారి నిజమైన లాటిన్ చదివిన తృప్తి కావాలంటే సిసిరో దగ్గరికి కాదు, సమాధి రాళ్ల దగ్గరికి వెళ్లండి. డి, ఎం అనే రెండు అక్షరాలతో మొదలవుతాయి, చనిపోయినవారి ఆత్మలకి అని అర్థం. తర్వాత పేరు, ఎన్నేళ్లు బతికారు, రాయి ఎవరు పెట్టించారు. పది పన్నెండు సంక్షిప్తాక్షరాలు నేర్చుకుంటే వందల రాళ్లు చదవొచ్చు. నాలుగేళ్ల పిల్లకి తల్లిదండ్రులు పెట్టించినవీ, యజమాని విడుదల చేసిన బానిసకి పెట్టించినవీ ఉంటాయి. గ్రంథాల్లో గొంతు లేనివాళ్లు ఇక్కడ కనబడతారు.

బ్రిటిష్ మ్యూజియం, న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం తమ సేకరణల్ని ఆన్‌లైన్‌లో పెట్టాయి. గ్రీకు కుండల బొమ్మలకి ఆక్స్‌ఫర్డ్‌లోని బీజ్లీ ఆర్కైవ్ ఉంది. రోమన్ కాలంలో ఒక నగరం నుంచి ఇంకో నగరానికి ఎన్ని రోజులు పట్టేదో, ఏ నెలలో ఓడ నయమో తెలుసుకోవాలంటే స్టాన్‌ఫర్డ్ వాళ్ల ఆర్బిస్ చూడండి. కాసేపు ఆడుకోవడానికి కూడా బాగుంటుంది.

9. రాయండి, ఎవరికైనా చూపించండి

సొంతంగా చదివేవాళ్లకి అసలు లోటు పుస్తకాలు కాదు, తప్పు చెప్పేవాళ్లు లేకపోవడం. ప్రతి గ్రంథం అయ్యాక ఒక పేజీ రాయండి. సారాంశం వద్దు, ఒక ప్రశ్న తీసుకుని జవాబు ప్రయత్నించండి, ప్రతి వాదనకీ అంకె ఇవ్వండి. యూఫిలీటస్‌ని మీరు వదిలేస్తారా, శిక్షిస్తారా? అతని భార్య మాట్లాడి ఉంటే ఏ పేరాని కాదనేది? నెల తర్వాత అదే పేజీ తీసి ఎర్ర పెన్నుతో దిద్దుకోండి. ఇదే గ్రంథం చదవడానికి ఇంకొకరు దొరికితే మరీ మంచిది. ఇద్దరూ చెరో పక్షం వహించి, ఒకరు లిసియస్ లాగా, ఇంకొకరు చనిపోయినవాడి బంధువుల తరఫున వాదించుకోండి. పోయిన ఆ రెండో ప్రసంగాన్ని మీరే రాసి చూడొచ్చు. ఏథెన్స్ కోర్టులో ఏ వాదన నిలబడుతుందో, ఏది నవ్వులపాలవుతుందో అలా రాస్తేనే తెలుస్తుంది.

రెండో గ్రంథం ఏదన్నది జాబితాలో వెతక్కండి. మొదటి గ్రంథం అధస్సూచికల్లో మూడు నాలుగు సార్లు కనబడిన పేరు ఏదో చూసుకుని అది తీయండి. లిసియస్‌తో మొదలుపెట్టినవాళ్లకి అది చాలాసార్లు అతని 12వ ప్రసంగం అవుతుంది. క్రీ.పూ. 404లో ఏథెన్స్‌ని చేతిలోకి తీసుకున్న ముప్ఫైమంది నిరంకుశుల్లో ఒకడి మీద, తన అన్నని చంపించినందుకు, ఈసారి లిసియస్ తన సొంత గొంతుతో మాట్లాడతాడు. ఆ నిందితుడి పేరు కూడా ఎరటోస్థనీసే. ఇద్దరూ ఒకే మనిషా కాదా అన్నది మీ నోట్‌బుక్కులో తర్వాతి ప్రశ్న.